తొలిచూలు కుందేలు ఈనిందా? పిల్లల్ని ఇలా కాపాడుకోండి

పొద్దున్నే గూటి దగ్గరికి వెళ్లి చూస్తే జాలీ మీద మూలకొకటిగా పిల్లలు పడి ఉన్నాయి. ఒంటి మీద బొచ్చు లేదు, కళ్లు తెరుచుకోలేదు, ముట్టుకుంటే చల్లగా తగిలాయి. ఈనడం కోసం గూట్లో ఉంచిన గూడు పెట్టెలో మేం పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది. తల్లి మాత్రం ఇంకో మూల కూర్చుని, ఆ పిల్లలెవరివో తనకు తెలియనట్టు తాపీగా మేత నములుతోంది. మా ఇంట్లో తొలిచూలు కుందేలు మొదటి కాన్పు ఇలాగే మొదలైంది. ఇదేం తల్లి అని దాన్ని తిట్టుకుంటూ, ఏం చేయాలో తెలియక అరగంట అటూ ఇటూ తిరిగాను. ఆ అరగంటలో రెండు పిల్లలు పోయాయి.

తర్వాత చాలా కాన్పులు చూశాక తెలిసిందేమిటంటే, నేను కుందేలును పిల్లితో పోల్చి చూశాను. పిల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తుంది, రోజంతా వాటిని పొదువుకుని పడుకుంటుంది. కుందేలు ఈ రెండూ చేయదు. గూడు పెట్టె బయట పడ్డ పిల్లను మళ్లీ లోపల పెట్టుకోవడం దానికి రాదు. పిల్లల మీద కూర్చుని వెచ్చబెట్టడమూ రాదు. రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు వచ్చి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. అందులో తప్పేం లేదు. పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలమైన యూరప్ అడవి కుందేలు పిల్లల్ని బొరియలో పెట్టి, నోరు మట్టితో మూసేసి దూరంగా వెళ్లిపోతుంది. మాటిమాటికీ వస్తే శత్రువుకు దారి చూపించినట్టే కదా.

కాబట్టి అనుభవం లేని తల్లికి మనం చేయాల్సిన సాయం చిన్నదే. పిల్లలన్నీ ఒక్కచోట, వెచ్చగా ఉండేలా చూడాలి. రోజూ వాటి పొట్టలు చూడాలి. పాల సీసా పట్టుకోవాల్సిన అవసరం చాలా కాన్పుల్లో రానే రాదు. కానీ కొత్తవాళ్లు మొదట చేసే పని అదే.

ముందు వేడి, తర్వాతే పాలు

చల్లబడ్డ పిల్ల నోట్లో పాలు పోయకండి. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు పాలు అరగవు, పొట్టలోనే నిలిచిపోతాయి. పిల్ల ఆకలితో పోయే లోపలే ఆ పాలతో పోతుంది. పుట్టినప్పుడు పిల్ల ఒంట్లో కొంత కొవ్వు నిల్వ ఉంటుంది. వెచ్చగా ఉంటే ఒక రోజంతా, కొన్ని పిల్లలైతే అంతకంటే ఎక్కువసేపు కూడా పాలు లేకుండా తట్టుకుంటాయి. చలిని మాత్రం కొన్ని గంటలు కూడా తట్టుకోలేవు.

చల్లగా, ఊదారంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పిల్లను చచ్చిపోయిందని అప్పుడే పక్కన పెట్టేయకండి. దాన్ని చొక్కా లోపల, పొట్టకు ఆనించి పెట్టుకోండి. మన ఒంటి వేడి దానికి సరిగ్గా సరిపోతుంది. అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. మొదట కాలు సన్నగా కొట్టుకుంటుంది, తర్వాత నోరు తెరిచి గాలి కోసం ఆవలించినట్టు చేస్తుంది, ఆపైన మెల్లగా ఒళ్లు గులాబీ రంగుకు వస్తుంది. ఆ మొదటి కదలికను పొట్ట మీద చర్మంతోనే గుర్తుపట్టవచ్చు, చీమ పాకినట్టు ఉంటుంది. గంట వెచ్చబెట్టాక కూడా ఏ కదలికా లేకపోతే అప్పుడు ఆశ వదులుకోవచ్చు.

పిల్లలు ఎక్కువ ఉంటే ఒక సీసాలో వేడి నీళ్లు పోసి, దాన్ని టవల్‌లో రెండు మూడు చుట్లు చుట్టి, పక్కన పిల్లల్ని పెట్టండి. మీ చెంపకు ఆనించి చూస్తే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. సీసా పెట్టెలో ఒక పక్కనే ఉండాలి. వేడి ఎక్కువైతే పిల్లలు రెండో పక్కకు జరగడానికి చోటు కావాలి. హీటింగ్ ప్యాడ్ వాడితే బాగా తక్కువలో పెట్టి, పెట్టె అడుగున సగం వరకే ఉంచండి. బల్బు నేరుగా పిల్లల మీద వేలాడదీయకండి, ఆ లేత చర్మం ఎండిపోతుంది, కాలుతుంది కూడా.

మరీ మంచుగడ్డలా అయిపోయిన పిల్లకు ఇంకో ఉపాయం ఉంది. 38 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో, తల పైకి ఉండేలా చేత్తో పట్టుకుని కొన్ని నిమిషాలు ముంచి ఉంచుతారు. ముక్కులోకి చుక్క నీరు కూడా పోకూడదు. తీశాక పూర్తిగా ఆరేదాకా మెత్తని బట్టతో అద్దాలి, తడి ఉంటే మళ్లీ చల్లబడుతుంది. ఇంకేదీ పనిచేయనప్పుడే ఇది చేస్తాను.

గూడు సర్దడం

పిల్లలు వెచ్చబడుతుండగానే గూడు పెట్టె సంగతి చూడండి. మధ్యరకం కుందేలుకు సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 25 ఎత్తు సరిపోతుంది. తల్లి లోపల తిరగగలగాలి, అంతకంటే పెద్దది వద్దు. పెట్టె పెద్దదైతే పిల్లలు విడిపోయి మూలకొకటి పడుకుంటాయి. తల్లి దూకి వెళ్లే వైపు అంచు 15 సెంటీమీటర్ల ఎత్తైనా ఉండాలి. పాలు కుడుస్తున్న పిల్ల చనుమొన వదలకుండా వేలాడుతూ తల్లితో పాటే బయటికి వచ్చేస్తుంటుంది. ఆ అంచు తగిలి లోపలే పడిపోతుంది. జాలీ మీద కనిపించే పిల్లల్లో చాలా ఇలా వచ్చినవే. చేతిలో పెట్టె లేకపోతే అట్టపెట్టె అయినా ఇవాళ్టికి చాలు, తడిస్తే మారుద్దురు గాని.

అడుగున వాసన లేని చెక్కపొట్టు గాని, నలిపిన కాగితం గాని ఒక పొర వేసి, దాని మీద మెత్తని ఎండుగడ్డి దండిగా నింపండి. పిడికిలితో మధ్యలో గిన్నెలా నొక్కి గుంట చేయండి. ఆ గుంటలో పిల్లలన్నీ జారి ఒక్కచోట చేరతాయి. దేవదారు పొట్టులాంటి ఘాటు వాసన ఉన్నవి వాడకండి. దారాలు లేచే పాత బట్టలు, ఉన్ని అసలే వద్దు. దారం పిల్ల కాలికి చుట్టుకుంటే రెండు రోజుల్లో కాలు వాచి నల్లబడుతుంది, మనం చూసుకునే లోపే పోతుంది. పొడవాటి పీచున్న దూదితోనూ ఇదే ఇబ్బంది.

ఇక బొచ్చు. అనుభవం ఉన్న తల్లి ఈనడానికి ముందు తన పొట్ట మీదా గొంతు కిందా ఉన్న బొచ్చు పీక్కుని పిల్లల కోసం పరుపు వేసుకుంటుంది. తొలిచూలుది తరచూ ఈ పని మరిచిపోతుంది, లేదా ఈనాక గుర్తొచ్చినట్టు పీకుతుంది. అది పీకకపోతే మనం పీకాలి. వినడానికి ఘోరంగా ఉంటుంది గాని, కాన్పు రోజుల్లో పొట్ట బొచ్చు దానంతట అదే వదులవుతుంది. రెండు వేళ్లతో చిన్న చిన్న కుచ్చులుగా పట్టి లాగితే నొప్పి లేకుండా చేతికి వచ్చేస్తుంది. రాకుండా గట్టిగా ఉంటే వదిలేయండి. చనుమొనల చుట్టూ ఉన్నది తీస్తే మరో లాభం, పిల్లలకు పాలు సులువుగా దొరుకుతాయి. ఈ బొచ్చును గుంటలో కిందా పైనా పరిచి, పిల్లల్ని మధ్యలో పెట్టండి.

వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి గట్టిగా కుప్పపడి, చేత్తో తాకితే చల్లగా తగిలితే ఇంకా బొచ్చు కావాలి. విడివిడిగా పడుకుని, ఎర్రబడి, ఒళ్లు చెమ్మగా ఉంటే వేడి ఎక్కువైంది, పైన బొచ్చు కొంచెం తీసేయండి. ఎండాకాలంలో పిల్లలు ఉడికిపోవడం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాన్పులో ఒకటో రెండో పిల్లలే పుడితే మాత్రం మామూలు కంటే ఎక్కువ బొచ్చు పెట్టాలి. ఒంటరి పిల్లకు ఆనుకోవడానికి తోడుండదు.

మన చేతి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందని చెబుతుంటారు. పెంపుడు కుందేలుకు మీ వాసన రోజూ తెలిసినదే. సెంటు, ఘాటు సబ్బు లేకుండా చేతులు కడుక్కుని, ముందు తల్లి ఒళ్లు నిమిరి, అప్పుడు పిల్లల్ని ముట్టుకోండి. అంతే.

మొదటి రోజే చేయాల్సిన ఇంకో రెండు పనులు

పిల్లల్ని లెక్కపెట్టండి. చచ్చినవి, మాయ ముక్కలు, తడిసిన గడ్డి తీసేయండి. లెక్క ఎక్కడైనా రాసి పెట్టుకుంటే రేపు ఒకటి తగ్గితే వెంటనే తెలుస్తుంది. గూటి అడుగు జాలీ అయితే చుట్టూ కింది భాగంలో అట్ట కట్టండి, పిల్లలు సందుల్లోంచి జారిపోకుండా. చీమలు వచ్చే చోటైతే గూటి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి.

రెండోది మగ కుందేలు. ఒకే గూట్లో ఉంటే ఇప్పుడే, ఈ క్షణమే వేరు చేయండి. ఆడ కుందేలు ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. అసలే మొదటి కాన్పుతో తికమకపడుతున్న తల్లి ఒకవైపు పాలిస్తూ, ఇంకోవైపు నెల తిరిగేసరికల్లా మరో కాన్పుకు సిద్ధమవ్వాల్సి వస్తే దాని ఒళ్లు గుల్లైపోతుంది.

పాలిస్తోందా లేదా?

అందరికీ టెన్షన్ ఇక్కడే. రోజంతా కాపలా కాసినా తల్లి పెట్టెలోకి వెళ్లడం కనిపించదు. అది అర్ధరాత్రో, తెల్లవారుజామునో, మీరు నిద్రపోతున్నప్పుడు వెళ్తుంది. మీరు ఎదురుగా కూర్చుని చూస్తుంటే అసలే వెళ్లదు. కాబట్టి తల్లిని చూడడం మానేసి పిల్లల పొట్టలు చూడండి.

పొద్దున్నే ఒక పిల్లను అరచేతిలో వెల్లకిలా పెట్టి వెలుతురులో చూడండి. పాలు తాగిన పిల్ల పొట్ట చిన్న బుడగలా గుండ్రంగా, బిగువుగా ఉంటుంది. మొదటి రోజుల్లో పొట్ట చర్మం ఎంత పలచగా ఉంటుందంటే, లోపల పాలు తెల్లటి పట్టీలా బయటికే కనిపిస్తాయి. తాగని పిల్ల పొట్ట లోపలికి పోయి ఉంటుంది, చర్మం ముడతలు పడుతుంది, మెడ దగ్గర వదులుగా వేలాడుతుంది. మీ చేయి తగలగానే కడుపు నిండిన పిల్లలు పేలాల్లా ఎగిరిపడతాయి, తల్లి వచ్చిందనుకుని. ఆకలిగా ఉన్నవి ఆగకుండా పాకుతూ, సన్నగా కీచుమంటూ నోటికి తగిలినదల్లా చీకుతాయి.

పాలు తాగే సమయానికి పిల్లలు బొచ్చు కిందినుంచి పైకి వచ్చి సిద్ధంగా ఉంటాయి. తల్లి వాటి మీద నిలబడుతుంది. కళ్లు ఇంకా తెరుచుకోకపోయినా చనుమొనల దగ్గర వచ్చే ప్రత్యేకమైన వాసన పట్టుకుని పిల్లలు క్షణాల్లో అక్కడికి చేరతాయి. ఒక్కో పిల్ల ఒకేసారి తన బరువులో నాలుగో వంతు దాకా తాగేయగలదు. తాగడం అవగానే మూత్రం పోసి, మళ్లీ పొడి బొచ్చు కిందికి దూరిపోతాయి. కుందేలు పాలు ఆవు పాలకంటే బాగా చిక్కన, అందుకే రోజుకు ఒకసారి సరిపోతుంది.

నమ్మకం కుదరకపోతే వంటింటి కాటా తీసుకోండి. రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోండి. జాతిని బట్టి పుట్టినప్పుడు 30 నుంచి 80 గ్రాములుండే పిల్ల వారం తిరిగేసరికి సుమారు రెట్టింపు అవ్వాలి. ఒక రోజు అటూ ఇటూ అయితే కంగారు వద్దు. వరసగా రెండు రోజులు బరువు తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే.

కొన్ని తొలిచూలు కుందేళ్లకు పాలు పడడానికి ఒక రోజు పడుతుంది. అందువల్ల మొదటి రోజు పొట్టలు కాస్త ఖాళీగా కనిపించినా, పిల్లలు వెచ్చగా, గులాబీ రంగులో ఉంటే రాత్రి దాకా ఆగండి. 24 గంటలు దాటాక కూడా అన్ని పొట్టలూ పల్చగానే ఉంటే అప్పుడు మీరు కలగజేసుకోవాలి.

తల్లిని కూర్చోబెట్టి తాగించడం

సీసా కంటే ముందు ఇది చేయండి. తల్లి దగ్గర పాలున్నాయి, అది చేయాల్సిన పని దానికి ఇంకా తెలియలేదు, అంతే. ముందు పొట్ట మీద చనుమొనలు తడిమి చూడండి. ఎనిమిది గాని, పది గాని ఉంటాయి. చుట్టూ మెత్తగా, నిండుగా తగిలితే పాలున్నట్టే.

పెట్టెను గూట్లోంచి తీసి నేల మీద, చప్పుడు లేని గదిలో పెట్టండి. తల్లిని తెచ్చి పెట్టెలో పిల్లల మీద నెమ్మదిగా దింపండి. ఎత్తేటప్పుడు వెనక కాళ్ల కింద చేయి ఉండాలి. గాల్లో గట్టిగా తన్నుకుంటే కుందేలు తన వెన్నెముకను తానే విరగ్గొట్టుకోగలదు. ఒక చేయి నుదుటి మీద, కళ్లు కొంచెం మూసేలా పెట్టి నిమురుతూ ఉండండి. రెండో చేయి వీపు మీద తేలికగా ఉంచండి, అదమకండి. పిల్లలు కింద కదలడం, చనుమొన పట్టడం దానికి కొత్త. మొదట ఉలిక్కిపడి దూకుతుంది. మళ్లీ దింపండి. మూడోసారికో నాలుగోసారికో ఆగుతుంది. పిల్లలు చీకడం మొదలయ్యాక చాలా కుందేళ్లు వాటంతట అవే బిగుసుకుని నిలబడిపోతాయి. నాలుగైదు నిమిషాలు చాలు.

పెట్టెలో అసలు నిలబడకపోతే మీరు నేల మీద కూర్చుని, ఒళ్లో టవల్ పరిచి, తల్లిని కూర్చోబెట్టుకోండి. ఇంకొకరు పిల్లల్ని రెండేసి చొప్పున పొట్ట కిందికి జరపాలి. దానికి ఇష్టమైన ఆకు ఒకటి నోటి దగ్గర పెడితే సగం పని అయినట్టే. ఉదయం, సాయంత్రం ఒకే వేళకు ఇలా చేస్తూ పోతే మూడు నాలుగు రోజుల్లో చాలామటుకు తల్లులు దారికొస్తాయి. ఒకరోజు మీరు వెళ్లేసరికి పొట్టలు నిండి కనిపిస్తాయి. అప్పటినుంచి మీరు తప్పుకోవచ్చు.

తల్లిని వెల్లకిలా తిప్పి పట్టుకుని పిల్లల్ని పొట్ట మీద పెట్టే పద్ధతి కూడా ఒకటుంది. నాకది నచ్చదు. వెల్లకిలా వేసినప్పుడు కుందేలు కదలకుండా ఉండేది హాయిగా ఉండి కాదు, భయంతో. అసలే బెదురుగా ఉన్న తల్లికి పాలివ్వడమంటేనే భయం పట్టుకుంటుంది.

పెట్టెలోకి వెళ్లినప్పుడల్లా పిల్లల్ని తొక్కేసే, గడ్డి అంతా తవ్వి పోసే తల్లి అయితే పెట్టెను వెచ్చగా ఉన్న వేరే చోట ఉంచి, పాలవేళకు మాత్రమే తల్లి దగ్గరికి తీసుకెళ్లండి. రోజుకు రెండుసార్లు, పది నిమిషాల పని. అడవిలోనూ అది రోజంతా దూరంగానే ఉండేదిగా, దానికి బెంగేం ఉండదు.

కాన్పులో ఒక్క పిల్ల మిగతావాటికంటే చిన్నగా, వెనకబడి ఉంటే దాన్ని ముందు ఒంటరిగా తల్లి దగ్గర రెండు నిమిషాలు వదిలి, తర్వాత మిగతావాటిని పెట్టండి. నిండుగా ఉన్న చన్ను దానికి దొరుకుతుంది. అయితే మరుగుజ్జు జాతుల్లో కొన్ని పిల్లలు తల పెద్దగా, చెవులు బాగా చిన్నగా, నడుము కింద సన్నగా పుడతాయి. మరుగుజ్జు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినవి అవి. కొద్ది రోజులకంటే బతకవు, మీరు ఏం చేసినా.

అదే సమయంలో ఈనిన ఇంకో కుందేలు మీ దగ్గరో, తెలిసినవాళ్ల దగ్గరో ఉంటే అంతకంటే అదృష్టం లేదు. పిల్లల వయసులో తేడా రెండు మూడు రోజులు దాటకూడదు. ఆ తల్లి బొచ్చుతో పిల్లల్ని రుద్ది, దాని పిల్లల మధ్యలో కలిపేయండి. కుందేళ్లు పరాయి పిల్లల్ని సాకడంలో పెద్దగా పేచీ పెట్టవు.

ఆఖరి దారి, చేత్తో పాలు పట్టడం

తల్లి చనిపోయినా, పాలు అసలే పడకపోయినా ఇక ఇదే. ముందే చెబుతున్నా, ఎంత జాగ్రత్తగా చేసినా చాలా పిల్లలు పోతాయి. తల్లి పాలలో ఉండే రక్షణ బయటి పాలలో ఉండదు. మీ చేతిలో పోయినంత మాత్రాన తప్పు మీది కాదు.

పిల్లిపిల్లల కోసం అమ్మే పాలపొడి అన్నిటికంటే నయం. అది దొరక్కపోతే మేకపాలు. ఆవు పాలలో పంచదార, తేనె కలిపి పట్టడం లాంటివి చేయకండి. మధ్యరకం జాతి పిల్లకు రోజు మొత్తానికి, రెండు విడతలుగా: పుట్టిన కొత్తలో 5 మిల్లీలీటర్లు, వారానికి 12 నుంచి 15, రెండు వారాలకు 25, మూడు వారాలకు 30. చిన్న జాతికి ఇంకా తక్కువ. అంకెలకంటే పొట్టే పెద్ద కొలత. గుండ్రంగా అవగానే ఆపేయండి, ఇంకా అడుగుతున్నా సరే.

సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజి వాడండి. పాలు మణికట్టు మీద వేసుకుంటే వెచ్చగా తెలియాలి. పిల్లను బట్టలో చుట్టి, నిటారుగా, తల కొంచెం ముందుకు ఉండేలా పట్టుకోండి. మనిషి పాపాయిలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. ఒక్కో చుక్క పెదవి మీద పెట్టండి, అదే నాకుతుంది. గొంతులోకి చిమ్మకండి. ముక్కులోంచి పాలు బుడగలా వస్తే ఆపి, తల కిందికి వంచి, ముక్కు తుడిచి, అది తేరుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. చేత్తో పాలు పట్టి పెంచే పిల్లల్లో చాలా చావులు ఇలా జరిగేవే.

పాలు పట్టాక గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదితో పొట్ట కిందినుంచి మూత్రద్వారం దాకా మెల్లగా నిమరండి. మామూలుగా తల్లి నాకి ఈ పని చేస్తుంది. కళ్లు తెరిచేదాకా ఇలా చేస్తే మూత్రం, మలం సాఫీగా వస్తాయి.

తల్లి సంగతి మరవకండి

పిల్లల గొడవలో పడి తల్లిని చూడడం మానేస్తాం. ఈనిన రోజు మేత తక్కువ తినడం మామూలే. కానీ 12 గంటలు ఏమీ ముట్టకపోయినా, పెంటికలు ఆగిపోయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కుందేలు పేగు కదలడం ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. కాన్పు మామూలుగా అరగంటలో ముగుస్తుంది. ఇంకా నొప్పులు పడుతూ, నెత్తురు పోతూ ఉంటే లోపల పిల్ల అడ్డం పడి ఉండవచ్చు. అప్పుడూ ఆలస్యం చేయకూడదు.

నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఇది మేత కంటే ముఖ్యం. పాలిచ్చే కుందేలు మామూలు రోజుల కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. గుళికల మేతను రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచుతూ, కావలసినంత తినేలా వదిలేయండి.

రోజూ పిల్లల పొట్టలతో పాటు తల్లి చన్నులు కూడా తడమండి. ఏదైనా ఒకటి వేడిగా, రాయిలా గట్టిగా, ఎర్రగా గాని నీలంగా గాని కనిపిస్తే అది పొదుగువాపు. తల్లి ముభావంగా ఉంటుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ వేసి చూద్దాం అనుకోకండి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులు నశించి, అదే చచ్చిపోతుంది. కుందేళ్లకు వైద్యం తెలిసిన డాక్టరే ఇవ్వాలి. ఇలాంటి తల్లి పాలు తాగిన పిల్లల్ని ఇంకో తల్లి కింద పెట్టకండి, జబ్బు దానికీ అంటుకుంటుంది.

కళ్లు తెరిచే దాకా, ఆ తర్వాత

మొదటి గండం గట్టెక్కాక రోజుకు ఒకసారి చూస్తే చాలు. మూడు నాలుగు రోజులకు ఒంటి మీద సన్నని నూగు వస్తుంది, వారానికి ముఖమల్ గుడ్డలా అవుతుంది. తడిసిన గడ్డి తీసి పొడిది వేస్తూ ఉండండి, బొచ్చు మాత్రం పారేయకండి. పెట్టెలో తల్లి వేసిన నాలుగైదు పెంటికలు కనిపిస్తే అన్నీ ఏరేయకండి. పిల్లలు వాటిని కొరుకుతాయి, పేగులకు కావలసిన సూక్ష్మజీవులు వాటికి అలాగే అందుతాయి.

10 నుంచి 12 రోజుల మధ్య కళ్లు తెరుచుకుంటాయి. 12 రోజులు దాటినా ఒక కన్ను మూసుకునే ఉంటే గోరువెచ్చని సెలైన్‌తో తడిపిన దూది కంటి మీద ఒక నిమిషం పెట్టి, పొక్కు మెత్తబడ్డాక లోపలి మూల నుంచి బయటికి తుడవండి. రెప్పల్ని వేళ్లతో విడదీయకండి. చీము కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. వదిలేస్తే చూపు పోతుంది.

రెండు వారాలు దాటాక పిల్లలు పెట్టెలోంచి బయటికి తొంగిచూస్తాయి. మూడు వారాలకల్లా గూడంతా తిరుగుతూ తల్లి తినే గడ్డిలో నోరు పెడతాయి. అప్పుడు పెట్టె తీసేయవచ్చు. నేల నున్నగా జారేలా ఉంటే కాళ్లు పక్కలకు చాపుకుపోతాయి, చాప లాంటిదేదైనా వేయండి. తల్లి పాలు మూడో వారంలో ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతాయి. కానీ ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉంచడం మేలు. పాలు మాని మేతకు మారే నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్యే విరేచనాలతో ఎక్కువ పిల్లలు పోతాయి. అప్పటివరకు ఎండుగడ్డి, తల్లి తినే గుళికలే పెట్టండి. పళ్లు, రకరకాల ఆకుకూరలు ముద్దుగా తింటున్నాయని పెట్టకండి. మగ పిల్లల్ని పది పన్నెండు వారాలకల్లా వేరు చేయాలి.

పిల్లల్ని తినేస్తే

చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది గాని, ఇది జరుగుతుంది. తల్లి ఈనగానే మాయను తినేసి పిల్లను నాకి శుభ్రం చేస్తుంది. కొత్త తల్లి ఆ కంగారులో ఎక్కడ ఆపాలో తెలియక చెవినో కాలినో కొరికేస్తుంది. చచ్చిన పిల్లను తినేయడం గూడు శుభ్రం చేసుకోవడంలో భాగమే. కుక్క మొరిగినా, ఎవరైనా గూటి చుట్టూ మూగినా, నీళ్లు అయిపోయినా కూడా అలా చేస్తుంది. ఒక్క కాన్పులో ఇలా జరిగిందని దాన్ని చెడ్డ తల్లి అని ముద్ర వేయకండి. మా ఇంట్లో రెండు పిల్లల్ని జాలీ మీద పోగొట్టుకున్న ఆ కుందేలే, తర్వాతి కాన్పులో పెట్టె నిండా బొచ్చు పరిచి ఏడింటినీ దక్కించుకుంది. మూడు కాన్పుల్లోనూ అదే పని చేస్తే మాత్రం దాన్ని ఇక జత కట్టించకండి.

తర్వాతి కాన్పుకు

జత కట్టించిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. 30 నుంచి 32 రోజుల మధ్య ఈనుతుంది. 28వ రోజున గడ్డి నింపిన పెట్టె గూట్లో పెట్టండి. మరీ ముందు పెడితే దాన్ని పాయిఖానాగా వాడేసుకుంటుంది, ఆలస్యమైతే జాలీ మీదే ఈనేస్తుంది. నోట్లో గడ్డి అడ్డంగా పట్టుకుని మీసాల్లా వేలాడేసుకుని గూడంతా తిరుగుతుంటే సమయం దగ్గరపడినట్టే. ఆ రాత్రి నీళ్ల గిన్నె ఇంకొకటి అదనంగా పెట్టి, గూటి మీద ఒక పక్కగా గుడ్డ కప్పి వెళ్లి పడుకోండి.

ఇప్పుడు పెట్టె తీసేసేటప్పుడు అందులో మిగిలిన శుభ్రమైన, పొడి బొచ్చును ఏరి కవర్లో కట్టి దాచుకోండి. ఈసారీ తల్లి బొచ్చు పీకడం మరిచిపోతే తెల్లవారుజామున అదే అక్కరకొస్తుంది.